లైను వద్దన్న టీచరమ్మ

మా బ్రాడ్‌బ్యాండ్ సర్వే ఫారంలో చివరి ప్రశ్న, 'కనెక్షన్ ఎందుకు వద్దు?' దాని కింద నాలుగు గడులు. ఒకటి, కంప్యూటర్ లేదు. రెండు, అవసరం లేదు. మూడు, భారమవుతుంది. నాలుగు, ఇతరములు. నాలుగో గడి పక్కన కారణం రాయడానికి ఒకటిన్నర అంగుళాల గీత ఉంటుంది. పోయిన వారం ఖమ్మంలో ఒక మిర్చి వ్యాపారి కొడుకు నా ముందే తన సెల్‌ఫోన్‌కు తీగ తగిలించి, రెండో కొస కంప్యూటర్‌కు గుచ్చి, "నెట్ దీన్నుంచే వస్తుంది కదండీ, ఇంక మీ లైను నాకెందుకు?" అన్నాడు. నాకు ఎక్కడలేని విసుగూ వచ్చింది. అతని మీద కాదు. అదే మాట రెండేళ్ల పాటు, నెలకు రెండుసార్లు, దమ్మపేటలో ఒకే మనిషి నోట విన్నాను. ఆమె పోయి నెల దాటిందని నాకు అంతకు ముందురోజే తెలిసింది. ఆ కుర్రాడితో వాదించకుండా ఇతరములు గడిలో టిక్కు పెట్టి, గీత మీద ఏమీ రాయకుండా వచ్చేశాను.

దమ్మపేటలో ఆమెను అందరూ టైపు టీచరమ్మ అనేవారు. బస్టాండు ఎదురు సందులో, నాపరాళ్ల కప్పున్న పొడవాటి గది ఆమె ఇన్‌స్టిట్యూట్. దాని వెనక ఒక చిన్న గది, వంటిల్లు. అదే ఇల్లు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలే" అనేది. గోడవారగా ఆరు టైపు మిషన్లు రెగ్జిన్ ముసుగులు వేసుకుని ఉండేవి. నేర్చుకునేవాళ్లు తగ్గిపోయాక ఒక కంప్యూటర్ కొని, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టడం మొదలుపెట్టింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆమె దగ్గరే టైపు నేర్చుకున్నాను. లోయర్ పరీక్ష ఒకసారి తప్పాను. తరవాత ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసై, టెలిఫోన్ ఎక్స్చేంజిలో కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరి, కనెక్షన్లు ఇవ్వడానికి మళ్లీ మా ఊరికే వచ్చాను. అయినా ఆమె దృష్టిలో నేను లోయర్ తప్పినవాణ్ణే.

"ఏందిరా లోయర్ ఫెయిలూ, మళ్ల వచ్చినవ్?"

"లైను గురించి, టీచరమ్మా."

"నీ లైను స్తంభం మీద సల్లగుంది గద. ఉండనియ్ అక్కడ్నే."

ఆ స్తంభం ఆమె గుమ్మానికి పదకొండు మీటర్ల దూరంలో ఉంది. నేను కొలిచాను. ఊళ్లో అంత తేలిగ్గా ఇవ్వగలిగిన కనెక్షన్ ఇంకొకటి లేదు. రెండు క్లిప్పులు, ఒక కన్నం, అరగంట పని.

ఆమె ఇంటర్నెట్ ఆమె సెల్‌ఫోన్‌లోంచి వచ్చేది. ఆ గోడల మందానికి, ఆ కప్పుకు, గదిలో రింగు ఎక్కడైనా మోగేది గానీ, నెట్‌కు చాలే సిగ్నల్ ఒకే ఒక్కచోట అందేది. ఉత్తరం కిటికీ ఊచల దగ్గర, కుడిచేతి వైపు, కింది నుంచి రెండో అడ్డకమ్మీ మీద. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే తీగ పొడవు ఒక్క మీటరు. అందుకని కంప్యూటర్ బల్ల కిటికీ కిందికి జరిగింది. కిటికీ వెలుతురు తెర మీద పడి పగటిపూట అక్షరం కనిపించేది కాదు. అందుకని ఊచలకు ఒక నల్ల గొడుగు సగం తెరిచి వేలాడదీసింది. ఫోన్ జారిపోకుండా గులాబీ రంగు ప్లాస్టిక్ సబ్బుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను పురికొసతో కమ్మీకి కట్టింది. నీళ్లు కారడానికి సబ్బుపెట్టెకు అడుగున ఉండే కన్నంలోంచి తీగ లాగింది.

"చూసినవా, కన్నం కూడ వాళ్లే పెట్టిచ్చిండ్రు" అనేది గొప్పగా.

వాన వస్తే ఒక టైపు మిషన్ ముసుగు తీసి సబ్బుపెట్టెకు తొడిగేది. ఒక తీగ పొడవు చాలకపోవడంవల్ల ఒక ఇంటి సామానంతా ఎలా స్థానం మారుతుందో నేను కళ్లారా చూశాను. ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి అది చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఇంకొకరికి చెప్పినా అర్థం కాదు.

వేగం సంగతి మరీ ఘోరం. నేను నా చేతి గడియారంతో పదిసార్లు చూశాను. ఒక పేజీ తెరుచుకోవడానికి సగటున నిమిషం నలభై సెకన్లు. ఆ నిమిషం నలభై సెకన్లలో ఆమె చిక్కుడుకాయలు ఈనె తీసేది. పేజీ తెరుచుకుంటే "స్తోత్రం" అనేది. మధ్యలో తెగిపోతే "సరే, పోనీ" అనేది. రెండు మాటలూ ఒకే గొంతుతో. ఆదివారం చర్చిలో కూడా ఆమె స్తోత్రం అలాగే ఉండేదని, ఫాదర్‌గారికి సగం పనిలో ఉన్నట్టు వినిపించేదని ఆమె పక్క బెంచీవాళ్లు చెప్పేవారు.

ఆమె పని చేసే తీరు ఇంకో శిక్ష. ఎవరి దరఖాస్తయినా సరే, ముందు టైపు మిషన్ మీద తెల్లకాగితంపై కొట్టాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మార్కులు, అన్నీ. ఆ కాగితం మీద స్కేలు పెట్టి వరస వరసా చదివి, వచ్చినవాళ్ల చేత ఔననిపించి, అప్పుడే తెర మీద ఎక్కించాలి. తెర మీద ఒక అక్షరం తప్పుపడితే ఆ ఒక్క అక్షరం చెరిపేది కాదు. గడి మొత్తం ఖాళీ చేసి మొదటినుంచి కొట్టేది. వెనక్కి చెరిపే మీట ఉందని నేను చూపించాను.

"తప్పుపడ్డ కాడనే సదురుకుంట పోతే చేతికి బుద్ధెప్పుడొస్తదిరా? నీకు గందుకే లోయర్ పోయింది."

ఒకసారి ఓపిక నశించి, ఆమె లైను ఎందుకు తీసుకోవాలో తొమ్మిది కారణాలు వరస నంబర్లతో ఫుల్‌స్కేప్ కాగితం మీద రాసుకుపోయి ఇచ్చాను. ఒకటి, వేగం. రెండు, కాల్ వచ్చినా నెట్ తెగదు. మూడు, వానకు భయం లేదు. నాలుగు, బల్లను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అలా తొమ్మిది. ఆమె కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివింది. నాకు ఆశ పుట్టింది. ఆమె సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసింది. నాలుగో కారణంలో ఒక వత్తు, ఏడో కారణంలో ఒక దీర్ఘం సరిచేసి, మార్జిన్ వదల్లేదని పక్కన రాసి, కాగితం వెనక్కిచ్చేసింది.

"ఫెయిర్ కాపీ రాసుకొని రా."

"లైను సంగతేంటి, టీచరమ్మా?"

"రోజుకు ముగ్గురొస్తరు నా తానికి. ముగ్గురికీ నా ఫోను సాలు. నీ నెట్టు ఉరికినా ఎవరికోసం ఉరుకుతది?"

రెండో కారణం గురించి చెప్పాలి. అసలు బాధంతా అక్కడే.

వాగు అవతల అడవిలో ఒక కోయగూడెం ఉంది. అక్కడ ముత్తయ్య అనే ఆయన చిల్లరకొట్టులో నాణెం వేసి మాట్లాడే ఎర్ర ఫోన్ పెట్టె ఒకటి ఉండేది. గూడెం మొత్తానికి అదే ఫోను. ఆ కొట్టు గోడ మీద బొగ్గుతో రాసిన ఒకే ఒక్క నంబరు టీచరమ్మది. ఎవరూ మాట్లాడేవారు కాదు. మిస్డ్ కాల్ ఇచ్చేవారు. ఒక రింగిచ్చి పెట్టేస్తే, లోపలి ఊళ్లకు పోయిన బస్సు వాగు ఇవతలి రోడ్డు మీద గూడెం దాటి తిరిగి బయల్దేరిందని అర్థం. టీచరమ్మ కిటికీలోంచి అరుగు మీద కూర్చున్నవాళ్లకు కేకేసి చెప్పేది. బస్టాండు కంట్రోలరు కూడా ఆమెనే అడిగేవాడు. రెండు రింగులిస్తే, రేపు కాగితాల పని మీద ఎవరో వస్తున్నారని. రింగిచ్చి పెట్టేయడం వెంటవెంటనే మూడుసార్లు జరిగితే, దవాఖానాకు పోవాలి, వెంటనే ఆటో పంపమని. ఆటో స్టాండు ఆమె వాకిలి ఎదుటే. ఈ సంకేతాలు ఎవరు పెట్టారో తెలియదు. ఆమెను అడిగితే వాళ్లే పెట్టుకున్నారంది. ముత్తయ్యను అడిగితే ఆమే పెట్టిందన్నాడు.

ఇందులో నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ ఆమె ఫోన్ లాంటివాటి తీరు వేరు. కాల్ వచ్చిందంటే ఇంటర్నెట్ ఆగిపోయేది. ఒక్క రింగు చాలు. ఎత్తక్కరలేదు. నాలుగు పేజీల దరఖాస్తులో మూడో పేజీ దగ్గర ముత్తయ్య బస్సు సంగతి చెప్పాడంటే, మళ్లీ కనెక్షన్ కలిపి, మొదటి పేజీ నుంచి రావాలి. ఒక మధ్యాహ్నం ఒక్క గంటలో ఏడుసార్లు తెగడం నేను లెక్కపెట్టాను. ఏడుసార్లూ ఆమె "సరే, పోనీ" అంది. ఎనిమిదోసారి నేనే బయటికి వెళ్లిపోయాను.

"పోనీ రెండో ఫోను కొనుక్కోండి టీచరమ్మా. ఒకటి నెట్‌కి, ఒకటి కాల్స్‌కి."

"రెండో నంబరు గూడెపోళ్లకు ఎవరు నేర్పుతరు?"

"వాళ్లకు నేర్పక్కర్లేదు. రెండోది నెట్‌కే."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. చిక్కుడుకాయ కూడా పక్కన పెట్టింది.

"గప్పుడు మొదటి ఫోను యాడుంటది?"

"ఎక్కడైనా. మీ దగ్గరే. సంచిలో."

"గదే గదరా. సంచిల పడేసి వంటింట్లకు పోత. దొడ్లెకు పోత. నెట్టు దీంట్లోనుంచి వస్తుంది గాబట్టి ఇది నా కండ్ల ముందల ఉంటుంది. దీని మీద నెట్టు తీసేస్తే దీన్నెవరు సూస్తరు?"

నెట్ వాడుకోవడానికి ఫోన్ కిటికీలో పెట్టలేదట, ఫోన్ కిటికీలో ఉండడానికి నెట్ వాడుతోందట! ఇలాంటి జవాబుకు మా ఫారంలో గడి లేదు. ఒకటిన్నర అంగుళాల గీత మీద ఇది పట్టదు కూడా. ఆ నెల 'ఇతరములు' పక్కన 'మొండితనం' అని రాశాను. మా సబ్‌డివిజన్ ఆఫీసులో దాన్ని కొట్టేసి, రెండో గడిలో టిక్కు పెట్టుకున్నారు.

రెండో ఏడు వానాకాలంలో ఒక రోజు. ఆమె ఇంటి పక్క రైసుమిల్లులో ఫోన్ పనిచేయడం లేదని ఫిర్యాదు వస్తే పోయాను. వాన తగ్గేదాకా టీచరమ్మ దగ్గర కూర్చుందామని లోపలికి వెళ్లాను. గూడెం నుంచి రాజేశ్వరి అనే అమ్మాయి వచ్చి ఉంది. నర్సింగ్ కోర్సు దరఖాస్తుకు అదే ఆఖరు రోజు. సాయంత్రం ఐదింటికి సైటు మూసేస్తారు. పోయినేడు కాగితాలు చేతికొచ్చేసరికి తేదీ దాటిపోయింది. ఏడాదంతా పత్తిచేలల్లో కూలికి పోయింది. ఈసారి కూడా తప్పితే ఇంక చదువు మాట ఎత్తనని ఇంట్లో మాటిచ్చి వచ్చింది. సర్టిఫికెట్ల సంచిని రెండు చేతులా పట్టుకుని, మూసిన టైపు మిషన్ పక్కన కదలకుండా కూర్చుంది.

పొద్దున పదింటి నుంచి కరెంటు లేదట. కరెంటు వచ్చి మొదలుపెట్టేసరికి రెండు దాటింది. నేను వెళ్లిన తరవాత మూడుసార్లు తెగింది. మొదటిది బస్సు. రెండోది రేపు ఎవరో వస్తున్నారని. మూడోది ఎవరో పొరపాటున చేసిన కాల్. మూడుసార్లూ ఆఖరి పేజీలోనే, ఫొటో ఎక్కుతుండగా.

"సరే, పోనీ."

"పోనీ ఏంటి టీచరమ్మా! టైము మూడున్నర!" అన్నాను.

"నాకు గడియారం రాదారా?"

"అన్నా, ఐదుకు బంద్ అయితదా? ఒక పది నిముషాలు ఎక్కువ ఇయ్యరా?" అంది రాజేశ్వరి.

"ఇవ్వరు."

అమ్మాయి తల వంచుకుంది. నేను ఎక్స్చేంజికి తీసుకుపోదామనుకున్నాను. కానీ అక్కడ కంప్యూటర్ గది తాళం మా ఆఫీసరు దగ్గర, ఆఫీసరు ఖమ్మంలో.

"ఒక గంటసేపు కాల్స్ రాకుండా పెట్టుకుందాం. ఫోన్‌లోనే ఉంటుంది ఆ సదుపాయం" అన్నాను.

టీచరమ్మ నా వైపు తిరిగింది. "ఈమె వదిన కమలకు నెలలు నిండినై. పొద్దుగాల నుంచి నడుంనొప్పి అంటుందట. మూడు రింగులు ఎప్పుడొస్తయో తెల్వదు. గంట కాదు, నిమిషం గూడ బంద్ పెట్టేది లేదు."

విన్నాను. స్పష్టంగా విన్నాను. కానీ నా మనసులో అప్పటికే ఒక లెక్క నడుస్తోంది. నాలుగు పేజీలూ ఫొటో ఎక్కడానికి పాతిక నిమిషాలు. రసీదు అచ్చవడానికి ఐదు. మొత్తం అరగంట. నడుంనొప్పి అరగంటలో కాన్పు కాదు.

అరుగు మీద బస్సు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు, ఒకామె గొడుగు నీళ్లు ఇంకొకామె మిరపనారు కట్ట మీద పడ్డాయని తగువుపడుతున్నారు. టీచరమ్మ వాళ్లను గదమాయించడానికి లేచి వెళ్లింది. నేను సబ్బుపెట్టెలోంచి ఫోన్ తీశాను. వచ్చే కాల్స్ అన్నీ ఆపేసే కోడ్ నొక్కాను. ఇరవై సెకన్లు. మళ్లీ సబ్బుపెట్టెలో పెట్టి, కనెక్షన్ కలిపాను. టైము మూడు యాభై. రాజేశ్వరి చూసింది. నేను ఏం చేశానో ఆమెకు తెలియదు.

ఈసారి ఏమీ తెగలేదు. మొదటి పేజీ. "స్తోత్రం." రెండో పేజీ. "స్తోత్రం." మూడోది. నాలుగోది. ఫొటో కిందికి నీలం గీత మెల్లగా నిండుతుంటే ముగ్గురం తెర మీదికి వంగి చూశాం. నాలుగూ ఇరవైకి దరఖాస్తు నంబరు వచ్చింది. టీచరమ్మ దాన్ని కంప్యూటర్ ప్రింటు తీసి, ఊరుకోక, టైపు మిషన్ మీద కూడా కొట్టి, సంతకం పెట్టి రాజేశ్వరి చేతికిచ్చింది. ఆ పిల్ల నవ్వుతూనే ఏడ్చింది.

"సూసినవారా నా ఫోను? అరగంట నుంచి ఒక్క కాల్ రాలే. అక్కర ఎప్పుడో దానికి తెలుసు" అంది టీచరమ్మ నాతో.

నేను నవ్వాను. ఆ కోడ్ తీసేయాలి అనుకుంటూనే నవ్వాను. అంతలో రైసుమిల్లు గుమస్తా వాకిట్లో నిలబడి, "ఏం సారూ, మా ఫోను బాగుచేయనీకొచ్చినవా, ముచ్చట్లు పెట్టనీకొచ్చినవా?" అని అరిచాడు. పనిముట్ల సంచి తీసుకుని మిల్లులోకి పోయాను. జాయింటు పెట్టెలో నీళ్లు చేరాయి. అది ఎండబెట్టి కలిపేసరికి ఆరయింది. అక్కడినుంచి నేరుగా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. మొహం కూడా కడుక్కోకుండా సైకిల్ తీశాను.

ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచే ఉన్నాయి. ముత్తయ్య లుంగీ మోకాళ్లదాకా బురదతో గది మధ్యలో నిలబడి ఉన్నాడు. బస్సు దొరక్క రాత్రి టీచరమ్మ ఇంట్లోనే ఉన్న రాజేశ్వరి గోడకానుకుని నిలబడింది.

"నువ్వే గద ఎత్తింది, టీచరమ్మా!" అంటున్నాడు ముత్తయ్య.

"నాకు కాలే రాలేదంటే."

"అబద్ధమెందుకు? రింగు పెడదామని చేస్తే రింగు కాకముందే ఎత్తినవ్. ఇంగ్లీషుల మాట్లాడినవ్. సరే, ఎత్తినవ్ గద అని నేనే చెప్పిన. ముత్తయ్యను మాట్లాడుతున్న, కమలకు నొప్పులొచ్చినయ్, ఆటో పంపు అని. మళ్ల ఏదో ఇంగ్లీషుల అని పెట్టేసినవ్. మూడుసార్లు చేసిన. మూడుసార్లు గట్లనే అన్నవ్."

"నీతోని నేనెప్పుడన్న ఇంగ్లీషుల మాట్లాడిననా ముత్తయ్యా?"

"కోపమొస్తే పోరగాళ్లతోని మాట్లాడతవ్ గద. పనిల ఉన్నవ్, కోపంగున్నవ్ అనుకున్న. గని ఆటో పంపుతవనుకున్న. ఆరు దాకా వాగొడ్డున సూసినం."

ఆరు తరవాత కమలను నులకమంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసి, మోకాలి లోతు నీళ్లలో వాగు దాటించారు. రోడ్డెక్కాక పామాయిల్ గెలల ట్రాక్టరు ఒకటి దొరికింది. సత్తుపల్లి దవాఖానాకు ఇంకా సగం దూరం ఉందనగా, టార్పాలిన్ కింద, గెలల మధ్య కాన్పయింది. ఆడపిల్ల. పిల్ల బాగుంది. తల్లికి నెత్తురు చాలా పోయింది. దవాఖానాలో ఉంచుకున్నారు. ఏ మాటా చెప్పలేమన్నారట.

రాజేశ్వరి చేతిలో దరఖాస్తు నంబరు కాగితం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుంది.

ముత్తయ్య విన్న ఆ ఇంగ్లీషు ఆడగొంతు ఎవరిదో గదిలో నాకొక్కడికే తెలుసు. కాల్స్ ఆపేసిన నంబరుకు చేస్తే, ఈ నంబరుకు ప్రస్తుతం కాల్స్ రావని కంపెనీవాళ్ల రికార్డు చెబుతుంది. ముత్తయ్య మూడుసార్లు ఆ రికార్డుతో మొర పెట్టుకున్నాడు. నోరు తెరవబోయాను. టీచరమ్మ నన్ను చూసింది. నా మొహాన ఇంకా పండ్లపొడి ఉంది. ఆమె చూపు నా మీంచి సబ్బుపెట్టె మీదికి, మళ్లీ నా మీదికి వచ్చింది.

"అది మిషన్ల మాట ముత్తయ్యా, మనిషి కాదు. ఫోను నాది. సూసుకోవాల్సింది నేను. తప్పు నాదే" అంది. తరవాత రాజేశ్వరితో, "పా, సత్తుపల్లి పోదాం. ఆటో పిలువు. ముత్తయ్యా, నువ్వు గూడ ఎక్కు" అంది.

వాళ్లిద్దరూ బయటికి నడిచాక నా దగ్గరికి వచ్చింది.

"ఎంతసేపైంది?"

"నిన్న మూడు యాభై నుంచి."

"అన్నీ నంబర్లేసి రాసుకుంటవ్ గద. ఇది రాసుకోలేదా?"

ఫోన్ చేతికిచ్చింది. నేను కోడ్ నొక్కి కాల్స్ తెరిచాను. నా ఫోన్ నుంచి ఆమె నంబరుకు చేసి, మోగుతోందని చూపించాను. ఆమె ఫోన్ తీసుకుని ఆటో ఎక్కింది. ఆ రోజంతా సబ్బుపెట్టె ఖాళీగా ఉంది.

కమల పదకొండు రోజులకు ఇంటికి చేరింది. రాజేశ్వరికి ఆ ఏడే సీటొచ్చింది. ఈ రెండూ చెప్పుకుని ఎవరైనా నన్ను ఓదార్చగలరు. కొందరు ఓదార్చారు కూడా. ఒక్క టీచరమ్మ ఆ పని చేయలేదు. నేను చేసినది ఆమె ఎవరికీ చెప్పనూ లేదు. గూడెంలో ఆ తరవాత చాలా రోజులు టీచరమ్మ ఆటో పంపలేదనే చెప్పుకున్నారు. నేను ఒకసారి వాగు దాటి పోయి ముత్తయ్యకు జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, "ఆమె తప్పు నాదే అన్నది గద. మళ్ల నువ్వెందుకు మీదేసుకుంటున్నవ్?" అన్నాడు. రికార్డు గొంతు సంగతి ఎంత చెప్పినా నమ్మలేదు.

కమల ఇంటికొచ్చిన వారానికి టీచరమ్మ ఎక్స్చేంజికి కబురు పెట్టింది. పోయాను. బల్ల మీద మా కనెక్షన్ దరఖాస్తు ఉంది. ఎప్పుడో నేను ఇచ్చిపోయినదే. అన్ని గడులూ టైపు మిషన్ మీద కొట్టి నింపి ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. కింద సంతకం.

"ఎప్పుడు పెడతవ్?"

"ఇప్పుడే పెడతాను. ఏ ప్లాను కావాలి?" అన్నాను.

"ఏదన్న పెట్టు. ఇంక నెట్టు పేరు మీద ఎవరూ నా ఫోను ముట్టకపోతే సాలు."

రెండేళ్లు తిరిగినా రాని కనెక్షన్ అరగంటలో అయిపోయింది. స్తంభం నుంచి పదకొండు మీటర్లు, రెండు క్లిప్పులు, ఒక కన్నం. గొడుగు తీసేసింది. బల్ల గోడవారకు జరిగింది. మోడెం దీపాలు నాలుగూ పచ్చగా వెలిగాయి. పరీక్షకని ఒక పేజీ తెరిచాను. ఏడు సెకన్లు. ఆమె స్తోత్రం అనలేదు.

మోడెంను గోడకు బిగించడానికి చివరి మరమేకు ఒకటి మిగిలింది. స్క్రూడ్రైవర్ బల్లకు అవతలి కొసన ఉంది, దాని పక్కనే ఆమె ఫోన్. నేను చెయ్యి చాచాను. ఆమె కళ్లు కాగితం మీంచి ఎత్తకుండానే ఫోన్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, పైన కొంగు కప్పింది. తరవాత స్క్రూడ్రైవర్‌ను రెండు వేళ్లతో నా వైపు తోసింది.